వంశధార తగవు – న్యాయాధిపతుల తీర్పు

వేసవిలో శ్రీకాకుళము జిల్లాకు పోయి వంశధారను చూచినవారు, ఇది నదియా ఇసుకబయలా యని సందేహింతురు. విశాలమైన ఇసుకతిన్నెల నడుమ నీరు సన్నని పాయగా ప్రాకుచుండును. శ్రావణ భాద్రపద మాసములలో చూచినచో అదే నది రెండు గట్లను ఒరసికొనుచు ఎఱ్ఱని నీటితో ఉఱుకుచుండును. ఒడిశా కొండలలో పుట్టిన ఈ నది సుమారు 250 కిలోమీటర్లు పాఱి, శ్రీముఖలింగ క్షేత్రము చెంతగా వచ్చి, కళింగపట్టణమువద్ద బంగాళాఖాతమున కలియుచున్నది. దాని పరీవాహక ప్రాంతము సుమారు 10,830 చదరపు కిలోమీటర్లు. అందు ఇంచుమించు నాలుగింట మూడు వంతులు ఒడిశాలోను, తక్కినది ఆంధ్రప్రదేశములోను ఉన్నది.

నదికి ఎల్లలు తెలియవు. మనుష్యులు మాత్రము ఎల్లలు గీచుకొని, ఇది మాది, అది మీది అని చెప్పుకొందురు. మఱి ఎల్ల దాటి పాఱు నీరు ఎవరిది? వాన యెక్కడ కురిసినదో వారిదా? పొలము ఎక్కడ ఎండుచున్నదో వారిదా? ఈ ప్రశ్న మన కాలములోనే న్యాయాధిపతుల యెదుటికి వచ్చినది. దాని నెట్లు విచారించిరో తెలిసికొన్నచో, న్యాయాధిపతి చేయు పని యెట్టిదో మనకు బోధపడును.

పెద్ద తగవును గ్రహించుటకు ముందు ఒక చిన్న తగవును ఊహించుకొందము. ఒక గ్రామములో ఇద్దఱు రైతుల పొలములు ప్రక్కప్రక్కన ఉన్నవి. నడుమనున్న గట్టును పొరుగువాడు రెండు మూరలు ఇవతలికి జరిపినాడని ఒక రైతు ఫిర్యాదు. గట్టు ఎప్పుడును అక్కడనే యున్నదని రెండవవాని జవాబు. ఊరి పెద్దలు కూర్చుండి చెప్పి చూచిరి, కుదురలేదు. ఇప్పుడు వారికి రెండు దారులు కలవు. కఱ్ఱలు చేతబట్టుట యొకటి. కోర్టుకు పోవుట యొకటి. మొదటి దారిలో బలము గలవాడు గెలుచును. రెండవ దారిలో ఆధారము గలవాడు గెలువవలెను. మానవులు న్యాయస్థానములను ఏర్పరచుకొన్నది ఈ భేదము కొఱకే.

కోర్టుకు పోయి దావా వేసినవాడు వాది. ఎవరిపై దావా వేయబడినదో ఆతడు ప్రతివాది. వాది తన ఫిర్యాదును వ్రాసి యిచ్చును. దాని నకలును ప్రతివాదికి పంపి, ఆతని జవాబును కూడ వ్రాతమూలకముగ తీసికొందురు. పిమ్మట న్యాయాధిపతి ఆ రెండు కాగితములను ఎదుట పెట్టుకొని, ఇద్దఱును ఒప్పుకొన్న సంగతులను తొలగించి, ఏ సంగతులలో భేదము కలదో వానిని మాత్రము ప్రశ్నలుగా వ్రాయును. ఇవియే విచారణాంశములు. “పూర్వపు గట్టు ఎక్కడ నుండెను? దానిని ప్రతివాది జరిపెనా?” అని ఈ తగవులో అంశములు ఏర్పడును. వాది కోపిష్ఠియా, ప్రతివాది ధనికుడా అను ప్రశ్నలకు ఇందు తావు లేదు. తగవును ప్రశ్నగా మార్చుటతోనే సగము కలత తీఱును.

తరువాత ఆధారములు వచ్చును. పట్టా, అడంగలు, సర్వే వారి క్షేత్రపటము మొదలగునవి కాగితపు ఆధారములు. గట్టును చిరకాలముగ చూచుచున్నవారు సాక్షులు. అవసరమైనచో కోర్టు ఒక కమీషనరును పొలమునకు పంపి, సర్వేయరుచేత కొలిపించి నివేదిక తెప్పించుకొనును. ఒక పక్షపు సాక్షి చెప్పినదానిని రెండవ పక్షపు న్యాయవాది అడ్డుప్రశ్నలతో పరీక్షించును. “నీవు ఆ గట్టును ఏ సంవత్సరమున చూచితివి? అప్పుడు దానిపై ఏ చెట్టున్నది?” అని యడుగగా, నిజము చెప్పువాని మాట నిలుచును, నేర్పబడిన మాట తడబడును.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. ఆ న్యాయాధిపతి ఎప్పుడైన ఆ త్రోవను పోవుచు గట్టు జరుపుటను తన కన్నులతో చూచియుండెననుకొందము. అయినను ఆ చూచినదానినిబట్టి తీర్పు చెప్పరాదు. ఏలయన, న్యాయాధిపతి మనస్సులోనున్న సంగతిని ప్రతివాది అడ్డుప్రశ్నలు వేసి పరీక్షింపజాలడు. సాక్షిగా నుండవలసినవారు తీర్పరిగా నుండరాదు. ఇరుపక్షముల యెదుట, బహిరంగముగ, కోర్టులోనికి వచ్చిన ఆధారమే ఆధారము. కావున న్యాయాధిపతి నేర్చుకొనవలసిన విద్యలలో, తాను ఎఱిగినదానిని ప్రక్కన పెట్టుట యొకటి.

ఆస్తి తగవులలో, రెండు పక్షముల ఆధారములను తూచి, ఏది నిజమగుటకు ఎక్కువ అవకాశము కలదో దానివైపు తీర్పు చెప్పుదురు. నేర విచారణలో అది చాలదు. నేరము మోపబడినవాడు నేరము చేసెనని సహేతుకమైన సందేహమునకు తావు లేకుండ రుజువు కావలెను. అట్లు రుజువు చేయవలసిన భారము అభియోగము తెచ్చినవారిది. సందేహము మిగిలినచో దాని ఫలము ముద్దాయికే చెందును.

ఇంత కట్టుదిట్టమేల అని మీకు తోచవచ్చును. దీనికి విజయనగరములోనే ఒక చక్కని ఉదాహరణము కలదు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ నాటకము 1892లో ఆ పట్టణమున మొదట ప్రదర్శింపబడినది. అందు లుబ్ధావధానులు అను వృద్ధుడు ఒక పిల్లను కొని వివాహమాడును. నిజమునకు ఆ పిల్ల ఆడువేషము వేసిన ఒక బాలుడు. బాలుడు వేషము తీసివేసి పాఱిపోగా, పెండ్లికూతురు కనబడుట లేదని, ముసలివాడు ఆమెను చంపినాడని హత్యానేరము మోపుదురు. చనిపోయినదను పిల్ల అసలు పుట్టనే లేదు! అయినను నేరము నిజమనియే లోకులకు తోచినది. అది నాటకమే, కాని లోకములో వదంతులు ఇట్లే పెరుగును. ఊరంతయు ఒక మాట యనుచున్నంతమాత్రమున అది రుజువు కాజాలదు. అందఱును నమ్మినదానిని కూడ ‘ఆధారమేది?’ అని అడుగువారు ఒకరు ఉండవలెను. ఆ అడుగువారే న్యాయాధిపతి.

ఇప్పుడు రెండు మూరల గట్టునకు బదులు ఒక నదిని, ఇద్దఱు రైతులకు బదులు రెండు రాష్ట్రములను ఊహించుడు. అదియే వంశధార తగవు.

వంశధార నీటిని సమానముగ పంచుకొనవలెనని ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రములు 1962 సెప్టెంబరు 30వ తేదీన ఒక ఒప్పందము చేసికొన్నవి. వినియోగమునకు లభించు నీరు 115 టి.ఎం.సి.లని లెక్క. ఒక టి.ఎం.సి. యనగా నూఱు కోట్ల ఘనపుటడుగులు. సగము చొప్పున ఒక్కొక్క రాష్ట్రమునకు 57.5 టి.ఎం.సి.లు వచ్చును. హిరమండలము చేరువనున్న గొట్టా ఆనకట్టనుండి కుడి, ఎడమ కాలువలద్వారా శ్రీకాకుళము జిల్లా పొలములకు నీరు అందుచున్నది. అయినను వరదనీరు చాలవఱకు సముద్రము పాలగుచుండెను. వరి పొట్టకు వచ్చు వేళకు శివారు భూముల రైతు కాలువవైపు చూచుచు కూర్చుండవలసివచ్చెడిది.

అందుచే ఎగువన నేరడివద్ద ఒక ఆనకట్ట కట్టవలెనని ఆంధ్రప్రదేశము తలపెట్టినది. దానికి ఒడిశా వైపున 106 ఎకరముల భూమి కావలసియుండెను. ఆ రాష్ట్రపు సమ్మతి లేక పని సాగలేదు. అంతట కాట్రగడ్డవద్ద, నది గట్టున, ఇంజనీర్లు సైడు వియరు అని పిలుచు ప్రక్క అలుగును కట్టి, నీటిమట్టము పెరిగినప్పుడు పొర్లిన వరదనీటిని కాలువద్వారా హిరమండలము జలాశయమునకు చేర్చవలెనని నిశ్చయించినది. ఆ జలాశయము సుమారు 19 టి.ఎం.సి.లు పట్టును. నేరడి, కాట్రగడ్డ అను ఈ రెండు చోట్లును భామిని మండలములోనివి. అది నాడు శ్రీకాకుళము జిల్లాలో నుండెను; 2022నుండి పార్వతీపురము మన్యము జిల్లాలో ఉన్నది. అచ్చట నదియే సరిహద్దు. ఒక గట్టు ఆంధ్రప్రదేశము. ఎదుటి గట్టు ఒడిశా.

ఒడిశా రాష్ట్రము ఈ పనికి అడ్డు చెప్పినది. నీటిని ప్రక్కకు మళ్లించినచో నది అడుగు ఎండిపోవుననియు, నది తన త్రోవనే మార్చుకొనవచ్చుననియు, భూగర్భజలము క్రిందికి దిగుననియు ఆ రాష్ట్రపు వాదము. ఒప్పందములోని తమ సగము వాటాను, సముద్రములో కలియు వరదనుండి తీసికొనుటలో తప్పేమియని ఆంధ్రప్రదేశపు వాదము. రెండు వాదములందును రైతు కలడు. దిగువన, ఉభాలు పూర్తిచేసి నీటికై ఎదురుచూచు రైతు ఒకడు. ఎదుటి గట్టున, తన బావి ఎండునేమో యని భయపడు రైతు ఒకడు. ఒకరి కష్టమును చూచి కరగి, రెండవవారి కష్టమును మఱచువారు దయగలవారు కావచ్చును గాని న్యాయాధిపతి కాజాలరు.

2006 ఫిబ్రవరిలో ఒడిశా రాష్ట్రము కేంద్ర ప్రభుత్వమునకు ఫిర్యాదు చేసినది. చర్చలు జరిగినవి, సమాధానము కుదురలేదు. విషయము సర్వోన్నత న్యాయస్థానమునకు పోగా, 2009 ఫిబ్రవరి 6వ తేదీన ఆ న్యాయస్థానము, ఈ తగవును తీర్చుటకు ఒక ట్రిబ్యునలును నియమింపవలసినదని కేంద్ర ప్రభుత్వమును ఆజ్ఞాపించినది. ట్రిబ్యునలు అనగా ఒక ప్రత్యేకమైన తగవు కొఱకు ఏర్పడు న్యాయస్థానము. రాష్ట్రముల నడుమ నదీజలముల తగవులను తీర్చు విధానమును శాసనమూలమున ఏర్పరుపవచ్చునని మన రాజ్యాంగములోని 262వ అధికరణము చెప్పుచున్నది. ఆ ప్రకారము 1956లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. ఆ చట్టము ననుసరించి 2010 ఫిబ్రవరి 24వ తేదీన వంశధార ట్రిబ్యునలు ఏర్పడెను. సర్వోన్నత న్యాయస్థాన న్యాయాధిపతియైన ముకుందకం శర్మగారు దానికి అధ్యక్షులు. మఱి యిద్దఱు న్యాయాధిపతులు సభ్యులు.

ఈ మువ్వురిని ఎవరు ఎన్నుకొందురో గమనింపుడు. ఒడిశా ప్రభుత్వము కాదు, ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కాదు. చట్టము ప్రకారము భారత ప్రధాన న్యాయాధిపతియే వారిని న్యాయాధిపతులలోనుండి పేర్కొనవలెను. తన తగవునకు తానే తీర్పరి కారాదనునది న్యాయమునకు మొదటి సూత్రము. ఉన్నత న్యాయస్థానములలో న్యాయాధిపతిగా పదవి స్వీకరించునప్పుడు, భయముగాని పక్షపాతముగాని రాగద్వేషములుగాని లేకుండ విధి నిర్వహింతునని ప్రమాణము చేయవలెనని రాజ్యాంగము విధించినది. ఆ ప్రమాణములోని ఒక్కొక్క మాట ఒక్కొక్క ప్రమాదమును సూచించును. బలవంతుని చూచి భయపడుట, మనవారిని చూచి మెత్తబడుట, కానివారిని చూచి కఠినపడుట – ఈ మూడును న్యాయపు త్రాసును వంచునట్టివే.

గట్టు తగవులో కమీషనరు, సర్వేయరు ఉన్నట్లే, నది తగవులోను న్యాయాధిపతులకు సహాయకులు కావలెను. ఎంత నీరు ఎంత వేగముతో పాఱును, అలుగు ఎంత ఎత్తున ఉండవలెను అనునవి ఇంజనీర్లు ఎఱిగిన సంగతులు. చట్టము ట్రిబ్యునలునకు నిపుణులను తోడు తీసికొను అధికారమును, సాక్షులను పిలిపించి విచారించు అధికారమును, కాగితములను తెప్పించుకొను అధికారమును ఇచ్చినది. నిపుణులు లెక్క చెప్పుదురు. ఆ లెక్కనుబట్టి ఏది న్యాయమో చెప్పుట మాత్రము న్యాయాధిపతుల బాధ్యత. తెలియనిదానిని తెలిసినవారిని అడుగుట న్యాయాధిపతికి చిన్నతనము కాదు.

విచారణ ముగియుటకు చాలకాలము పట్టును. ఈలోపల అలుగు కట్టవచ్చునా? కట్టినచో ఒకరికి నష్టమను భయము. ఆపినచో మఱియొకరికి పంట పోవునను భయము. ఇట్టి సమయములందు న్యాయాధిపతులు తుదితీర్పునకు ముందే ఒక మధ్యంతరపు ఉత్తరువును ఇత్తురు. 2013 డిసెంబరు 17వ తేదీన ట్రిబ్యునలు, కాట్రగడ్డవద్ద అలుగును కట్టుకొనుటకు ఆంధ్రప్రదేశమునకు అనుమతి నిచ్చినది. కాని ఊరక యీయలేదు. జూన్ 1నుండి నవంబరు 30వఱకు మాత్రమే నీరు తీసికొనవలెను. అది 8 టి.ఎం.సి.లకు మించరాదు, తక్కిన కాలములో తలుపులు మూసియుంచవలెను, దీనిని కనిపెట్టి యుండుటకు ముగ్గురు సభ్యుల సంఘము ఒకటి ఉండవలెను అని నియమములు పెట్టినది.

ఈ ఉత్తరువులోని వివేకమును చూడుడు. దిగువ రైతునకు నీరు కావలెను. ఎదుటి గట్టు రైతునకు ధైర్యము కావలెను. నీరు అలుగువలన వచ్చును. ధైర్యము నియమమువలన వచ్చును. అనుమతి, నియమము అను రెండింటిని కలిపి ఒకే తీర్పులో ఇచ్చుటచే, ఇరువురి మాటయు విన్నట్లయినది. ‘అవును’ ‘కాదు’ అను రెండు మాటల నడుమ చాల చోటు కలదనియు, మంచి తీర్పు తఱచుగ ఆ చోటనే దొరకుననియు మనము గ్రహింపవలెను.

తుదకు 2017 సెప్టెంబరు 13వ తేదీన ట్రిబ్యునలు తన తీర్పును వెలువరించినది. 1962నాటి ఒప్పందములోని సమాన వాటా నిలిచినది. నేరడి ఆనకట్టను ఆంధ్రప్రదేశము కట్టుకొనవచ్చును. దాని ఎడమవైపున ఒడిశా కొఱకు తూము ఉండవలెను. అమలును పర్యవేక్షించుటకు ఉభయ రాష్ట్రములకు చెందిన సంఘము ఉండవలెను. నది ఎక్కువ భాగము తమదే కదా యని ఒడిశాకు ఎక్కువ యీయలేదు. ఎండుచున్న పొలములు తమవే కదా యని ఆంధ్రప్రదేశమునకు ఎక్కువ యీయలేదు. ఇద్దఱును ఒకప్పుడు కూర్చుండి ఒప్పుకొన్న మాటను నిలిపినారు. ఇచ్చిన మాటకు విలువ కట్టుట న్యాయాధిపతుల పనులలో ముఖ్యమైనది. ఆ మాట నిలువకున్నచో, రేపు ఏ ఇరుగుపొరుగువారును ఒప్పందము చేసికొనజాలరు.

తీర్పు అనగా గెలుపు ఓటములను ప్రకటించుట మాత్రమే కాదు. న్యాయాధిపతి తాను ఏ ఆధారమును నమ్మెనో, దేనిని నమ్మలేదో, ఎందుచేతనో వ్రాసి చూపవలెను. కారణము చెప్పని తీర్పు ఆజ్ఞ యగును గాని న్యాయము కాదు. ఓడినవాడు ఆ వ్రాతను చదివి, “నా మాటను కూడ వినిరి, నేనెందుకు ఓడితినో తెలిసినది” అనుకొనగలుగవలెను. అంతేకాదు, కారణములు కాగితముపై ఉన్నప్పుడే, వానిలో పొరపాటు కలదేమో పైవారు చూడగలుగుదురు.

న్యాయాధిపతులును మానవులే. పొరపాటు పడవచ్చును. అందుచే పునర్విచారణకు మెట్లు ఏర్పడినవి. పూర్వము మునసబు కోర్టు అనబడిన జూనియరు సివిలు జడ్జి కోర్టు తీర్పుపై అప్పీలు పై కోర్టుకు పోవును. శ్రీకాకుళములోను విజయనగరములోను జిల్లా కోర్టులు కలవు. వానికి పైన 2019 జనవరి 1నుండి పనిచేయుచు, ఇప్పుడు అమరావతిలో నున్న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, అన్నింటికి పైన ఢిల్లీలోని సర్వోన్నత న్యాయస్థానము ఉన్నవి. నదీజలముల చట్టములోను, తీర్పులో స్పష్టముకాని సంగతులపై వివరణ కోరు అవకాశము కలదు. వంశధార విషయమున అట్లు కోరగా, ట్రిబ్యునలు 2021 జూన్ 21వ తేదీన తిరిగి తన నివేదికను సమర్పించినది.

2006నుండి 2021వఱకు లెక్కింపుడు: పదునైదేండ్లు. ఫిర్యాదు పెట్టిన నాటికి మీవలె ఎనిమిదవ తరగతిలోనున్న పదమూడేండ్ల బాలుడు, నివేదిక వచ్చునాటికి ఇరువదియెనిమిదేండ్ల యువకుడై యుండును. ఆతని తండ్రి ఎన్ని పంటలు నీరు లేక చూచియుండునో! ఎదుటి గట్టున ఎందఱు ఏమగునో యని దిగులుపడి యుండిరో! ఆలస్యము న్యాయవ్యవస్థలోని లోపము. దానిని దాచుట తగదు. అయినను ఒక విషయము మఱువరాదు. ఆ పదునైదేండ్లును రెండు రాష్ట్రములు ఒకదానితో నొకటి కాగితములతోను, లెక్కలతోను, మాటలతోను పోరాడినవి. లోకములో నీటికై కత్తులు దూసిన రాజ్యములు కలవు. తొందరపడి చెప్పిన తప్పు తీర్పు, ఆలస్యముగ వచ్చిన మంచి తీర్పు – ఈ రెండింటిలో ఏదియు మనకు చాలదు. మంచి తీర్పు సకాలమున రావలెను. అందులకు చాలినంతమంది న్యాయాధిపతులు ఉండవలెను. కక్షిదారులు వాయిదాలపై వాయిదాలు కోరకుండవలెను. సాక్షులు నిజము చెప్పవలెను.

న్యాయాధిపతి చేయలేని పనులును కలవు. నదిలో ఒక్క చెంబెడు నీరైనను పెంచజాలరు. చట్టమును తమ యిష్టము వచ్చినట్లు వ్రాయజాలరు. ఉన్న చట్టమునకు అర్థము చెప్పుదురు. తీర్పును అమలు చేయుటకు వారికి సొంత సైన్యము లేదు. ప్రభుత్వములు, ప్రజలు తీర్పును గౌరవించినప్పుడే అది నిలుచును. ఆ గౌరవము ఎక్కడనుండి వచ్చును? ఇరుపక్షములను సమానముగ విన్నారను నమ్మకమునుండి వచ్చును. కావున విను గుణమే న్యాయాధిపతి బలము.

విద్యార్థులారా! మన కోర్టులలో విచారణ సాధారణముగ బహిరంగముగ జరుగును. అవకాశము కలిగినప్పుడు మీ ఉపాధ్యాయులతో మీ ప్రాంతపు కోర్టుకు పోయి, వెనుక బల్లపై నిశ్శబ్దముగ కూర్చుండి చూడుడు. అచ్చట తఱచుగ గొప్ప నదుల తగవులు కనబడవు. ఒక గట్టు, ఒక బాకీ, ఒక గోడ – ఇట్టివే కనబడును. కాని వంశధార విషయమున జరిగిన పనియే అచ్చటను జరుగును. ఒకరు చెప్పుదురు, ఇంకొకరు కాదందురు, ఎత్తైన పీఠముపైనున్నవారు ఇద్దఱి మాటయు విని వ్రాసికొందురు.

మీ తరగతిలో ఇద్దఱు స్నేహితులు తగవులాడి మీ యొద్దకు వచ్చినప్పుడు, ముందుగా వచ్చి చెప్పినవాని మాటనే నమ్మి తీర్పు చెప్పకుడు. రెండవవానిని పిలిచి అడుగుడు. ఆధారమేదని అడుగుడు. మీరు చెప్పు మాటకు కారణమును ఇద్దఱికిని వినిపింపుడు. నదికి రెండు గట్లున్నట్లు ప్రతి తగవునకును రెండు గట్లు కలవు. ఒక గట్టున మాత్రమే నిలుచుండి చూచినవారికి నది యెంత వెడల్పైనదో తెలియదు.